తేటపడితే మాగినట్టేనా? లాగర్ బీరు చెప్పిన పాఠం

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇది రెసిపీ కాదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. కాబట్టి హాస్టల్ బకెట్‌తో ప్రయోగాలు చేద్దామనుకునేవాళ్లు దయచేసి ఆ ఆలోచన మానుకోండి. అమెరికాలో సంగతి వేరు. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం వల్ల 1979 నుంచి అక్కడ సొంత వాడకానికి, పన్ను కట్టకుండా, ఇంట్లో బీరు చేసుకోవచ్చు. ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దవాళ్లుంటే 200. అమ్మడం మాత్రం కుదరదు.

మా పెద్దనాన్న గారి అబ్బాయి మిషిగన్‌లో ఉద్యోగం చేస్తాడు. చలికాలంలో గరాజ్ ఎలాగూ ఫ్రిజ్‌లాగే ఉంటుంది కదా అని మొన్న జనవరిలో మొదటిసారి లాగర్ మొదలుపెట్టాడు. దాని వెనక ఒక కారణం ఉంది. నాలుగేళ్లుగా తనతో కలిసి ఉన్న రూమ్మేట్‌కి ఉద్యోగం పోయింది, వీసా గడువు దగ్గరపడింది, ఎనిమిది వారాల్లో హైదరాబాద్ ఫ్లైట్. "వాడు వెళ్లేలోపు ఒక్క గ్లాసైనా మనం చేసింది తాగించాలి రా" అన్నాడు అన్నయ్య. ఆ ఎనిమిది వారాలూ వీడియో కాల్‌లో నేను చూసిన తతంగం, దాని వెనక ఉన్న సైన్సు ఈ వ్యాసం. తాగినా తాగకపోయినా మన బ్రాంచీలన్నిటికీ ఇందులో సిలబస్ ఉంది.

లాగర్ అంటే నిల్వ

జర్మన్‌లో 'లాగర్న్' అంటే నిల్వ చేయడం. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని నానబెట్టి తీసిన తీపి నీళ్లను హాప్స్‌తో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపితే ఏ బీరైనా తయారవుతుంది. లాగర్‌ని మాత్రం చల్లటి చోట పులియబెట్టి, ఆ తర్వాత ఇంకా చల్లటి చోట వారాల తరబడి దాచిపెడతారు.

బవేరియాలో 1553లో ఒక ఆజ్ఞ వచ్చింది. ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 వరకు బీరు చేయకూడదు. ఎండాకాలంలో చేసిన బీరు పాడవుతోందన్నది కారణం. దాంతో చలికాలంలోనే చేసి, కొండల కింద తవ్విన సెల్లార్లలో మంచు గడ్డలు పేర్చి ఎండాకాలం దాకా దాచేవాళ్లు. సెల్లార్ మీద నీడ కోసం చెస్ట్‌నట్ చెట్లు నాటారు. ఆ చెట్ల కిందే బల్లలు వేసి అమ్మడం మొదలైంది. మ్యూనిక్ బీర్ గార్డెన్ల పుట్టుక అదే.

మన పుస్తకాల్లో కనిపించే పేర్లు కూడా ఇక్కడ తగులుతాయి. థర్మోడైనమిక్స్‌లో 'లిండే' అని చదువుతామే, ఆ కార్ల్ ఫాన్ లిండే 1870లలో తన శీతలీకరణ యంత్రాన్ని మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీ కోసమే తయారుచేశాడు. డీజిల్ ఇంజన్ రుడాల్ఫ్ డీజిల్ ఆయన దగ్గర చదువుకున్నవాడే. 1883లో కోపెన్‌హాగన్ కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి పెంచిన శుద్ధమైన లాగర్ ఈస్ట్‌ని వాడకంలోకి తెచ్చాడు. కెమిస్ట్రీలో మనం రోజూ రాసే పీహెచ్ స్కేలు కూడా 1909లో అదే ప్రయోగశాలలో సోరెన్సెన్ ఇచ్చిందే. బీరుకి కావలసినవి కనిపెట్టబోయి మనకి పరీక్షల్లో ప్రశ్నలు మిగిల్చారన్నమాట.

రెండు పనులు, రెండు గడియారాలు

పులియడం అయిపోయాక జరగాల్సినవి రెండు. ఒకటి మాగడం, దీన్నే కండిషనింగ్ అంటారు. రుచిలోని పచ్చిదనం పోవాలి. రెండోది తేరడం, అంటే క్లారిఫైయింగ్. మడ్డి అడుక్కి దిగి పైన తేట మిగలాలి. బయటినుంచి చూస్తే రెండూ కలిసే జరుగుతున్నట్టు ఉంటాయి. అందుకే రెండూ ఒకటే అనుకుంటాం. అన్నయ్య కూడా అలాగే అనుకున్నాడు.

మనకి ఇవి కొత్త కాదు. ఆవకాయ కలిపిన రోజే జాడీలో చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ ముక్క ఊరదు. కల్లుదైతే పూర్తిగా వేరే దారి. చెట్టు మీద ముంతలో ఉండగానే గాలిలోని ఈస్ట్‌లూ బ్యాక్టీరియా చేరి పులియడం మొదలవుతుంది. ఆ పూటే తాగేస్తారు. తేరడానికి దానికి టైమే ఉండదు, అందుకే అది ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. లాగర్ మీద మాత్రం అద్దంలా ఉండాలన్న షరతు ఉంది.

మాగేటప్పుడు లోపల ఏం జరుగుతుంది?

ఈస్ట్ చక్కెరని తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ ఇస్తుందని ఇంటర్‌లోనే చదివాం. అదొక్కటే అయితే ఇంత కథ ఉండదు. పెరిగేటప్పుడు ఈస్ట్ కొన్ని సగం సగం పనులు కూడా చేసి వదిలేస్తుంది. వాటిలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది డయసెటైల్. వెన్న రాసిన పాప్‌కార్న్ వాసన దీనిదే. ఈస్ట్ తన ప్రొటీన్ల కోసం వాలీన్ అనే అమైనో ఆమ్లం తయారుచేసుకునే దారిలో ఆల్ఫా అసిటోలాక్టేట్ అనే పదార్థం కొంత కణం బయటికి కారిపోతుంది. అది బీరులో తనంతట తానే, చాలా నెమ్మదిగా, డయసెటైల్‌గా మారుతుంది. లీటరుకి 0.1 మిల్లీగ్రాము దగ్గరే నాలుకకి తెలిసిపోతుంది. మంచి విషయమేంటంటే, బతికి ఉన్న ఈస్ట్ ఆ డయసెటైల్‌ని మళ్లీ లోపలికి లాక్కుని వాసన లేని పదార్థాలుగా మార్చేస్తుంది. వంట చేసినవాడే గిన్నెలు కడిగినట్టు. కాకపోతే వాడు నిద్రపోకుండా ఉండాలి.

రెండోది అసిటాల్డిహైడ్, పచ్చి యాపిల్ వాసన. చక్కెర నుంచి ఆల్కహాల్ అయ్యే దారిలో చివరి మెట్టుకి ముందుది ఇది. దీన్ని పూర్తిచేయాల్సిందీ ఈస్టే. మూడోది హైడ్రోజన్ సల్ఫైడ్, అంటే కుళ్లిన కోడిగుడ్డు. లాగర్ ఈస్ట్‌లకి ఇది మామూలే. కార్బన్ డయాక్సైడ్ బుడగలతో పాటు బయటికి పోతుంది, మిగిలింది నిల్వలో తగ్గుతుంది.

ఇక్కడ ఇంజనీర్ పట్టుకోవాల్సిన పాయింట్ ఒకటుంది. డయసెటైల్ విషయంలో నెమ్మదైన మెట్టు మొదటిది, అంటే అసిటోలాక్టేట్ మారడం. వేడి పెరిగితే అది వేగంగా అవుతుంది. చలిలో అది నత్తనడక, పైగా ఈస్ట్ కూడా మత్తుగా ఉంటుంది. అందుకే 9 నుంచి 12 డిగ్రీల దగ్గర పులిసిన లాగర్‌ని చివర్లో 16, 17 డిగ్రీలకి తెచ్చి రెండు మూడు రోజులుంచుతారు. దీన్ని డయసెటైల్ రెస్ట్ అంటారు. పేరుకి విశ్రాంతేగానీ ఈస్ట్‌కి అది ఓవర్‌టైం డ్యూటీ.

అయిందో లేదో చూడ్డానికి సులువైన పరీక్ష ఉంది. రెండు చిన్న గ్లాసుల్లో బీరు తీసి, ఒకటి మూతపెట్టి 60, 70 డిగ్రీల నీళ్లలో 20 నిమిషాలు ఉంచాలి. రెండోది అలాగే ఉంచాలి. వేడిచేసింది చల్లారాక రెండూ వాసన చూడాలి. వేడిచేసిన దాంట్లో వెన్న వాసన వస్తే, ఇంకా మారని అసిటోలాక్టేట్ దాక్కుని ఉందని అర్థం. రెండిట్లోనూ రాకపోతే చల్లబరచవచ్చు.

తేరడం: స్టోక్స్ గారి లెక్క

ఇప్పుడు ఫ్లూయిడ్ మెకానిక్స్. ద్రవంలో చిన్న గోళం దిగే వేగం దాని వ్యాసార్థం వర్గానికి, సాంద్రతల తేడాకి అనులోమంగా, స్నిగ్ధతకి విలోమంగా ఉంటుందని 1851లో స్టోక్స్ చెప్పాడు. దాన్ని ఇక్కడ పెట్టి చూద్దాం.

ఈస్ట్ కణం వ్యాసం 6 మైక్రాన్లు, బీరుతో సాంద్రత తేడా ఘనమీటరుకి 70 కిలోలు, 0 డిగ్రీల దగ్గర బీరు స్నిగ్ధత సుమారు 2.5 మిల్లీపాస్కల్ సెకన్లు అనుకుందాం. వేగం సెకనుకి సుమారు అర మైక్రాను వస్తుంది. రోజుకి దాదాపు 47 మిల్లీమీటర్లు. 30 సెంటీమీటర్ల లోతున్న పాత్రలో పైనుంచి అడుగుకి ఆరు, ఏడు రోజులు. ఈస్ట్ కణాలు ఒకదానికొకటి అతుక్కుని గుంపు కడితే ఇంకా త్వరగా దిగుతాయి. పర్లేదు, ఇది ఓపిక పట్టగలిగినదే.

అసలు ఇబ్బంది ఈస్ట్‌తో కాదు, చిల్ హేజ్‌తో. బార్లీ నుంచి ప్రోలీన్ ఎక్కువున్న ప్రొటీన్లు, బార్లీ పొట్టు నుంచి, హాప్స్ నుంచి పాలీఫినాల్స్ బీరులోకి వస్తాయి. టీలో ఒగరు ఇచ్చేవి కూడా పాలీఫినాల్సే. గది వేడిలో ఇవి విడివిడిగా కరిగి ఉంటాయి. చలి తగిలితే హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని మబ్బులా కనిపిస్తాయి. గ్లాసు మళ్లీ వెచ్చబడితే మబ్బు మాయం. ఇలా చాలాసార్లు జరిగి, ఆక్సిజన్ కూడా తోడైతే అది శాశ్వతంగా ఉండిపోతుంది.

ఈ మబ్బు రేణువుల సైజు ఒక మైక్రాను లోపే. 0.6 మైక్రాన్లు అనుకుంటే ఈస్ట్‌లో పదో వంతు. వేగం మాత్రం నూరో వంతు, ఎందుకంటే వర్గం కదా. రోజుకి అర మిల్లీమీటరు కూడా రాదు. అదే పాత్రలో అడుగుకి చేరడానికి సుమారు 640 రోజులు. అంత చిన్న రేణువుల్ని బ్రౌనియన్ చలనం కూడా అటూ ఇటూ తోస్తుంది కాబట్టి నిజానికి ఇంకా కష్టం. అంటే ఊరికే కూర్చుంటే పని అవదు. రేణువు పెరగాలి.

ఒక డౌటు రావాలి ఇక్కడ. చలిలో స్నిగ్ధత పెరుగుతుంది కదా, నీళ్లకే 20 డిగ్రీల దగ్గర 1 ఉన్నది 0 దగ్గర 1.8 అవుతుంది. మరి దిగడం నెమ్మదవ్వాలిగా, చల్లబరచడం ఎందుకు? జవాబు: చలి దిగే వేగాన్ని పెంచదు, దిగాల్సినవాటిని బయటపెడుతుంది. వెచ్చగా ఉన్నప్పుడు కరిగి దాక్కున్న జంటలు చలిలోనే రేణువులుగా మారతాయి. అప్పుడే వాటిని తీసేయగలం. వెచ్చగా ఉన్నప్పుడు తేటగా కనిపించే బీరు, ఫ్రిజ్‌లో పెట్టగానే మళ్లీ మబ్బు పడుతుంది. పైగా పులియడం ఆగి బుడగలు లేకపోవడంతో ద్రవం కదలకుండా ఉంటుంది. అందుకే 0, 1 డిగ్రీ దగ్గర నిల్వ.

చిల్లగింజ నుంచి జెలటిన్ దాకా

రేణువుని పెంచే విద్య మన ఊళ్లలో పాతదే. బురద నీళ్లు తెచ్చిన కుండ లోపలి గోడకి చిల్లగింజని అరగదీస్తే నీళ్లు తేరేవి. గింజలోని పదార్థాలు మట్టి రేణువుల్ని ఒకదానితో ఒకటి కలిపి బరువెక్కిస్తాయి. నీళ్ల ట్యాంకులో పటిక వేయడం కూడా ఇదే లెక్క. సివిల్ వాళ్లు దీన్నే కోయాగ్యులేషన్, ఫ్లాక్యులేషన్ అని చదువుతారు.

బీరులో దీనికి వాడేవాటిని ఫైనింగ్స్ అంటారు. ఏది దేన్ని పట్టుకుంటుందన్నదే తేడా.

ఐరిష్ మాస్ అనేది సముద్రపు నాచు. అందులోని కారాజీనన్‌కి రుణావేశం. మరిగేటప్పుడు చివరి పది, పదిహేను నిమిషాల్లో వేస్తే ప్రొటీన్లని పట్టుకుని ముద్దలు చేస్తుంది. అంటే ఇది ఈస్ట్ వేయకముందే చేసే పని.

జెలటిన్‌కి బీరు పీహెచ్ దగ్గర, అంటే 4 నుంచి 4.5 మధ్య, ధనావేశం ఉంటుంది. ఈస్ట్ గోడలకి రుణావేశం. ఇక చెప్పేదేముంది. 19 లీటర్లకి అర టీస్పూను జెలటిన్‌ని కొద్ది నీళ్లలో 65, 70 డిగ్రీల దాకా వెచ్చచేసి, మరగనివ్వకుండా, బాగా చల్లబడిన బీరులో కలుపుతారు. బీరు చల్లగా ఉంటేనే మబ్బు రేణువులు కూడా దానికి చిక్కుతాయి. రెండు రోజుల్లో తేడా కళ్లకి కనిపిస్తుంది. ఐసింగ్లాస్ కూడా ఈ జాతే. అది చేపల గాలితిత్తుల నుంచి తీసిన కొల్లాజెన్, ఇంగ్లండ్ పీపా బీర్లలో ఎప్పటినుంచో ఉంది. రెండూ జంతువులవే కాబట్టి శాకాహారులు వీటిని వద్దంటారు. వాళ్లకి సిలికా జెల్ ఉంది, అది ప్రొటీన్ల వైపు పట్టుకుంటుంది. పీవీపీపీ అనే ప్లాస్టిక్ పొడి పాలీఫినాల్స్ వైపు పట్టుకుంటుంది. జంటలో ఒకర్ని తీసేసినా పెళ్లి ఆగుతుంది కదా.

ఇంకొకటి చెబితే మీరు నవ్వుతారు. మటన్ మెత్తబడాలని బిర్యానీలోకి పచ్చి బొప్పాయి ముద్ద పట్టిస్తారు చూడండి, అందులోని పపైన్ ఎంజైమునే గత శతాబ్దంలో బీరు మబ్బు పట్టకుండా వాడారు. మాంసంలో చేసిన పనే, ప్రొటీన్లని కోసేయడం.

అన్నయ్య చేసిన తొందర

ఇక అసలు కథ. పద్నాలుగో రోజు హైడ్రోమీటర్ రీడింగ్ ఆగిపోయింది. మూడు రోజులు చూశాడు, అదే అంకె. చక్కెర అయిపోయిందన్నమాట. ఎనిమిది వారాల్లో రెండు పోయాయి. సీసాల్లో నింపాక గ్యాస్ పట్టడానికి ఇంకో రెండు వారాలు కావాలి. "డయసెటైల్ రెస్ట్ ఎందుకు రా, నాలుగు రోజులు వేస్ట్" అని నేరుగా 1 డిగ్రీకి దించేశాడు. పదహారో రోజు జెలటిన్ వేశాడు. పంతొమ్మిదో రోజు గ్లాసు వెనక నా ఫొటో పెట్టి వీడియో కాల్ చేశాడు. నా మొహం స్పష్టంగా కనిపిస్తోంది. అంత తేట.

తర్వాత ఒక గుక్క తాగాడు. మొహం మారింది. "ఒరేయ్, పాప్‌కార్న్ రా ఇది" అన్నాడు.

ఇప్పుడు ఆలోచించండి. విరుగుడు తెలుసు, వెచ్చబరచాలి. కానీ వెచ్చబరిస్తే శుభ్రం చేయాల్సింది ఎవరు? ఈస్ట్. ఆ ఈస్ట్‌ని జెలటిన్ వేసి మరీ అడుక్కి దించేశాడు. కొంచెం మిగిలినా చలికి సోయ లేకుండా ఉంది. గిన్నెలు కడిగేవాణ్ణి బయటికి పంపి తలుపు వేసుకున్నట్టయింది. తేటని తొందరపెట్టడం వల్ల మాగడం ఆగిపోయింది.

దీనికి జర్మన్ల పాత పద్ధతి ఒకటుంది, క్రాయ్జనింగ్. జోరుగా పులుస్తున్న కొత్త బీరుని పాతదాంట్లో కలపడం. ఆకలి మీదున్న కొత్త ఈస్ట్ పాత చెత్తని కూడా తినేస్తుంది. అన్నయ్య కొత్త ఈస్ట్‌తో రెండు లీటర్లు పులియబెట్టి, అది నురగ కట్టిన టైంలో పాత్రలో పోసి 16 డిగ్రీల దగ్గర పెట్టాడు. ఐదు రోజుల తర్వాత రెండు గ్లాసుల పరీక్ష. రెండూ శుభ్రంగా ఉన్నాయి. అప్పటికి నాలుగు వారాలు అయిపోయాయి. నాలుగు రోజులు మిగుల్చుకుందామని తొమ్మిది రోజులు పోగొట్టుకున్నాడు.

మళ్లీ చల్లబరిచాడు. ఈసారి నిల్వకి దొరికింది పది రోజులే. జెలటిన్ వేయమంటావా అని అడిగితే, "వద్దులే, మళ్లీ వీడి నిద్ర చెడగొట్టను" అన్నాడు.

చివరి రెండు జాగ్రత్తలు

చల్లబరిచేటప్పుడు పాత్రలోని గాలి కుంచించుకుపోతుంది. 20 నుంచి 0 డిగ్రీలకి వస్తే ఘనపరిమాణం దాదాపు 7 శాతం తగ్గుతుంది, పైగా కార్బన్ డయాక్సైడ్ చల్లటి బీరులో ఇంకా ఎక్కువ కరుగుతుంది. దాంతో బయటి గాలిని పాత్ర లోపలికి పీలుస్తుంది. ఆక్సిజన్ వెళ్తే కొన్ని వారాల్లో తడి అట్టముక్క రుచి వస్తుంది. అందుకే కార్బన్ డయాక్సైడ్ నింపిన బెలూన్ ఒకటి మూతకి తగిలిస్తారు. పీల్చుకునేది అదే పీల్చుకుంటుంది.

రెండోది సీసాలో వేసే చక్కెర. 19 లీటర్లకి 2.5 వాల్యూముల గ్యాస్ కావాలనుకోండి, అంటే లీటరుకి సుమారు 4.9 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. పులిశాక బీరు చూసిన అత్యధిక వేడి 16 డిగ్రీలైతే ఒక వాల్యూము దాకా అందులోనే కరిగి ఉంటుంది. మిగతా ఒకటిన్నరకి 56 గ్రాముల గ్యాస్ కావాలి. గ్రాము పంచదార అర గ్రాముకి కాస్త పైన గ్యాస్ ఇస్తుంది. కాబట్టి సుమారు 110 గ్రాములు. పులియడం పూర్తవకుండా సీసా మూత బిగించినా, చక్కెర ఎక్కువ పడినా సీసా బాంబులా పేలుతుంది. కళ్లు పోయే ప్రమాదం అది. రీడింగ్ మూడు రోజులు కదలకుండా ఉండాలన్న నియమం అందుకే.

ముప్పై ఎనిమిదో రోజు సీసాలు నింపాడు. రెండు వారాలు గది వేడిలో, మూడు రోజులు ఫ్రిజ్‌లో. ఫ్లైట్ ముందు రోజు రాత్రి, సూట్‌కేసులు తూకం వేయడం అయ్యాక, ఇద్దరూ మొదటి సీసా తెరిచారు. మబ్బుగా ఉంది. అద్దంలా ఉన్నది చూపిద్దామనుకున్న మా అన్నయ్య "సారీ రా, తేటపడలేదు" అన్నాడట. రూమ్మేట్ సగం గ్లాసు తాగి, "పాప్‌కార్న్ లేదు కదా, చాలు" అన్నాడట.

మిగిలిన సీసాలు ఫ్రిజ్ వెనకాల ఉండిపోయాయి. మే నెలలో ఒకటి తీస్తే అడుగున సన్నటి మడ్డి, పైన బంగారు రంగు తేట. ఎవరూ ఏమీ వేయలేదు. అన్నయ్య ఆ గ్లాసు ఫొటో హైదరాబాద్‌కి పంపాడు. రూమ్మేట్‌కి ఈమధ్యే కొండాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. "నా వాటా ఒకటి ఉంచు" అని మెసేజ్ పెట్టాడు.